భూమి తిరుగుడుకు విరుగుడు

మొదటి టెలిస్కోపుతో మా అమ్మకు శనిగ్రహం చూపించాలని నేను పడ్డ పాట్లు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. మూడంగుళాల అద్దం, పల్చటి అల్యూమినియం స్టాండు, మోటారు లేదు. ఖమ్మంలో మా మేడ మీద, నవంబరు చలిలో, గ్రహాన్ని ఐపీస్ నట్టనడుమకు తెచ్చి, "అమ్మా, ఇప్పుడు చూడు. గొట్టం మాత్రం ముట్టుకోకు" అని పక్కకు జరిగేవాణ్ని. ఆమె చెంగు దోపుకొని, కళ్లజోడు తీసి చేత పట్టుకొని, కన్ను ఎక్కడ ఆనించాలో తడుముకొని వంగేసరికి అరనిమిషం దాటేది. "ఏందిరా, అంతా నల్లగనే ఉంది!" మళ్లీ నేను వంగాలి, వెతకాలి, నడుమకు తేవాలి. నాలుగైదుసార్లు ఇలా జరిగాక, "నువ్వు చూసుకో నాయనా, నాకెందుకులే" అని మెట్లు దిగిపోయింది.

ఆమె తప్పేమీ లేదు. ఆ అరనిమిషంలో మా మేడ, మా వీధి, ఖమ్మం ఊరు మొత్తం తూర్పుకు జరిగిపోయాయి.

భూమి తన చుట్టూ తాను తిరిగే వేగం మా అక్షాంశం దగ్గర గంటకు దాదాపు 1,600 కిలోమీటర్లు. మనతోపాటు ఇల్లూ చెట్టూ గాలీ అన్నీ కలిసే తిరుగుతాయి కాబట్టి ఒంటికి తెలియదు. కంటికి మాత్రం ఆకాశమే పడమటికి జరుగుతున్నట్టు ఉంటుంది. ఆ జరుగుడు గంటకు 15 డిగ్రీలు, అంటే గోడగడియారంలో గంటల ముల్లు నడిచే వేగంలో సగం. చందమామ వెడల్పు అర డిగ్రీ గనుక, తన వెడల్పంత దూరం జరగడానికి చందమామకు రెండు నిమిషాలు పడుతుంది. అరుగు మీద కూర్చుని చూసేవారికి అది లెక్కలోకే రాదు. కానీ టెలిస్కోపు వస్తువును ఎన్ని రెట్లు చేస్తే దాని కదలికనూ అన్ని రెట్లు చేస్తుంది. నా పాత టెలిస్కోపులో 140 రెట్ల దగ్గర కనిపించే ఆకాశం ముక్క డిగ్రీలో మూడు పదోవంతులు. శనిని సరిగ్గా నడుమ నిలిపినా 36 సెకన్లలో అంచు దాటిపోతుంది. అమ్మకు అంతకన్నా ఎక్కువ సమయమే కావాలి.

దీనికి మందు ఒక్కటే. భూమి ఎంత వేగంతో తిరుగుతోందో అంతే వేగంతో టెలిస్కోపును ఎదురు తిప్పాలి. ఒక ఇరుసును భూమి ఇరుసుకు సమాంతరంగా వంచి, గొట్టాన్ని దాని మీద బిగించి, 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒక చుట్టు చొప్పున తిప్పితే నక్షత్రం కదలకుండా నిలబడుతుంది. 24 గంటలు ఎందుకు కాదంటే, మన రోజు సూర్యుణ్ని బట్టి లెక్కపెట్టినది. భూమి సూర్యుడి చుట్టూ కూడా నడుస్తోంది గనుక, నిన్న సూర్యుడు కనిపించిన దిక్కుకే మళ్లీ రావడానికి ఒక చుట్టు తిరిగాక ఇంకో నాలుగు నిమిషాలపాటు తిరగాలి. నక్షత్రాలకు ఆ అదనపు బాకీ లేదు. ఈ నాలుగు నిమిషాలు గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తాయి.

ఈ ఊహ పాతదే. 1824లో జర్మనీలో జోసెఫ్ ఫ్రౌన్‌హోఫర్ తయారుచేసి, ఇప్పటి ఎస్టోనియాలోని టార్టుకు పంపిన 24 సెంటీమీటర్ల టెలిస్కోపులో ఇది పూర్తి రూపం దిద్దుకుంది. అప్పటికి కరెంటు మోటార్లు లేవు. ఓ బరువు మెల్లగా కిందికి దిగుతుంటే గడియారపు చక్రాలు తిరిగి, గొట్టాన్ని నడిపించేవి. దాని అండతోనే అక్కడి ఖగోళ శాస్త్రవేత్త స్ట్రూవే మూడువేలకు పైగా జంట నక్షత్రాలను పట్టికకెక్కించాడు. ఈనాడు మన మేడల మీద కనిపించే 'జర్మన్ ఈక్వటోరియల్' స్టాండు ఆ టార్టు స్టాండుకు మనవరాలే.

ఈ గడియారపు పనికి తెలుగునేల మీద కూడా మంచి వంశవృక్షం ఉంది. విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో 1840లో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు. ఊరికీ రేవులోని ఓడలకూ సరైన సమయం తెలిసేలా డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండాకొయ్య పెట్టించిందీ ఆయనే. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దగ్గర 6 అంగుళాల కుక్ ఈక్వటోరియల్ ఉండేది. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిపోవడాన్ని ఆయన విశాఖ నుంచే పరిశీలించారు. హైదరాబాదులో 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాల తర్వాత బేగంపేటకు మారి, ప్రపంచ దేశాలన్నీ పంచుకున్న నక్షత్రపటం పనిలో తన వాటా ఆకాశాన్ని ఫొటోలు తీసి, 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచింది. అలాంటి ఫొటో టెలిస్కోపు పక్కనే ఇంకో సన్నటి టెలిస్కోపు ఉండేది. గడియారం నడిపిస్తున్నా, మనిషి దానిలో కన్ను పెట్టి, అడ్డగీతల నడుమ ఒక నక్షత్రం తప్పిపోకుండా చూసుకుంటూ కూర్చోవాలి. చక్రాల పనిలో ఉండే చిన్న చిన్న లోపాలను అలా చేత్తో దిద్దేవారు. నేను రాత్రిపూట మేడ మీద కూర్చున్నప్పుడు ఎక్కువగా తలుచుకునేది వీళ్లనే.

ఇప్పుడు నా దగ్గరున్నది 150 మిల్లీమీటర్ల అద్దం, 750 మిల్లీమీటర్ల ఫోకస్ దూరం ఉన్న న్యూటన్ తరహా గొట్టం. కింద మోటార్లున్న ఈక్వటోరియల్ స్టాండు. అడ్డకడ్డీకి ఒక కొసన గొట్టం, రెండో కొసన త్రాసులో రాళ్లలా ఐదేసి కేజీల ఇనుప బిళ్లలు రెండు. మోటారు టెలిస్కోపు కొనబోయేవారికి నేను మొదట చెప్పేది, డబ్బు గొట్టం మీద కాదు, కాళ్ల మీద పెట్టమని. పెద్ద అద్దం ఉండి స్టాండు వణికితే, కన్ను ఆనించిన ప్రతిసారీ గ్రహం జెల్లీలా ఊగుతుంది. చిన్న అద్దమైనా స్టాండు బిగువుగా ఉంటే చూపు నిలుస్తుంది.

ఆ స్టాండు మూత విప్పి చూస్తే లోపల ఉన్నది చాలా సాదా ఏర్పాటు. 144 పళ్ల ఇత్తడి చక్రం ఒకటి, దానికి ఆనుకొని మరచుట్టున్న కడ్డీ ఒకటి. గిటారు తీగ బిగించే మరలో ఉండేది కూడా ఇలాంటి జతే. కడ్డీ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక పన్ను, అంటే రెండున్నర డిగ్రీలు జరుగుతుంది. ఆకాశం రెండున్నర డిగ్రీలు జరగడానికి 10 నిమిషాలు. కాబట్టి కడ్డీ 10 నిమిషాలకు ఒక చుట్టు తిరిగితే చాలు. చెవి దగ్గర పెట్టి వింటే పట్టుపురుగులు ఆకు నమిలినంత సన్నటి చప్పుడు. ఆ కడ్డీ చెక్కుడులో వెంట్రుకవాసి తేడా ఉన్నా, నక్షత్రం 10 నిమిషాలకోసారి కాస్త తూర్పుకూ కాస్త పడమటికీ ఊగుతుంది. కంటితో చూసేవారికి అది పట్టింపు కాదు. నిమిషాల తరబడి ఫొటో తీసేవారికి మాత్రం చుక్కలన్నీ గీతలైపోతాయి. నిజామియాలో మనిషి కన్ను చేసిన పనిని ఇప్పుడు ఓ చిన్న కెమెరా చేస్తుంది. ఒక నక్షత్రాన్ని గమనిస్తూ, అది జరిగిన ప్రతిసారీ మోటారుకు కబురు పంపుతుంది.

ఇంకో సంగతి వాడుతుంటేనే తెలుస్తుంది. పన్నుకూ మరచుట్టుకూ మధ్య పిసరంత ఖాళీ ఉంటుంది. మెకానిక్కులు 'ప్లే' అనేది దాన్నే. కుడి బటన్ నొక్కుతూ వచ్చి ఒక్కసారిగా ఎడమ బటన్ నొక్కితే, మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది గానీ రెండు మూడు సెకన్లు నక్షత్రం కదలదు. ఖాళీ నిండాకే పళ్లు కలుస్తాయి. అందుకే నక్షత్రాన్ని నడుమకు తెచ్చేటప్పుడు చివరి అడుగు ఎప్పుడూ ఒకే వైపు నుంచి పడాలి. నేను పైకీ కుడికీ నొక్కి ముగిస్తాను. దాటిపోతే వెనక్కి బాగా వచ్చి, మళ్లీ అదే వైపు నుంచి చేరతాను.

ఇక ఇరుసును భూమి ఇరుసుకు సమాంతరంగా నిలపడం దగ్గరే మన ప్రాంతపు ఇబ్బంది ఎదురవుతుంది. ధ్రువనక్షత్రం ఎంత ఎత్తున ఉంటుందన్నది మీ ఊరి అక్షాంశమే చెబుతుంది. లండన్‌లో 51 డిగ్రీలు, ఖమ్మంలో 17, తిరుపతిలో పదమూడున్నర. చెయ్యి చాచి జాన పడితే సుమారు 20 డిగ్రీలు. అంటే మనకు ధ్రువుడు దిగంతం నుంచి జానెడు ఎత్తు కూడా లేడు. దుమ్ము, పొగమంచు, కొబ్బరిచెట్టు, ఎదురు మేడ, ఏదైనా సరే అడ్డమొస్తుంది. వాస్తు ప్రకారం పక్కింటివాళ్లు వాళ్ల నైరుతి మూలన కట్టిన నీళ్లట్యాంకు మా మేడకు సరిగ్గా ఉత్తరాన పడింది. నా ధ్రువుడు దాని వెనకే ఉంటాడు.

స్టాండు కూడా చలిదేశాల కొలతల్లో పుట్టినదే. ఇరుసును 17 డిగ్రీలకు వంచేసరికి అది దాదాపు పడుకున్నట్టు అయింది. బరువుల కడ్డీ నిట్టనిలువుగా వేలాడి, ఉత్తరం వైపు కాలికి ఠంగున కొట్టుకుంది. మోటారు అడ్డును లెక్కచెయ్యదు, తోస్తూనే ఉంటుంది. రాత్రంతా తలగోక్కుని, చివరికి మూడు కాళ్ల స్టాండును తిప్పి, రెండు కాళ్ల నడుమ సందు ఉత్తరానికి వచ్చేలా నిలబెట్టాక కడ్డీకి దారి దొరికింది.

ధ్రువుడు కనిపించకపోతే ఇరుసును సరిచేసే ఉపాయం కూడా నక్షత్రాల దగ్గరే ఉంది. ఫిబ్రవరి మొదటివారంలో రాత్రి 8:40 ప్రాంతంలో వేటగాడి నడుములోని మూడు చుక్కల్లో పై చుక్క ఆకాశపు మధ్యరేఖను దాటుతుంది. అది ఖగోళ భూమధ్యరేఖకు దాదాపు అంటుకునే ఉంటుంది. దాన్ని అడ్డగీతల ఐపీస్‌లో పెట్టి, మోటారు నడుస్తుండగా ఐదు నిమిషాలు చూడాలి. అది దక్షిణానికి జారితే ఇరుసు కొస తూర్పుకు ఎక్కువైందని, ఉత్తరానికి జారితే పడమటికి ఎక్కువైందని అర్థం. దానికి ఎదురు పక్కకు స్క్రూ కొద్దిగా తిప్పి మళ్లీ చూడాలి. ఎత్తును సరిచెయ్యడానికి తూర్పున కిందుగా ఉన్న ఇంకో నక్షత్రంతో ఇదే పని. గంటసేపు పట్టినా పట్టొచ్చు. నేను ఒక్కసారి ఓపిగ్గా చేసి, మూడు కాళ్లు ఆనిన చోట మేడ గచ్చు మీద ఎర్రరంగు చుక్కలు పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ చుక్కల మీద కాళ్లు పెడితే పని చాలామటుకు అయిపోయినట్టే.

మోటారు కదలికను నిలపడంతో ఆగదు, కావలసిన చోటుకు వెళ్తుంది కూడా. చేతిలో ఉండే కంట్రోలర్‌కు ఊరి అక్షాంశ రేఖాంశాలు, టైమ్‌జోన్, తేదీ, సమయం ఇవ్వాలి. తర్వాత రెండు తెలిసిన నక్షత్రాలను నడుమకు తెచ్చి 'ఇది ఫలానా' అని ఖాయం చెయ్యాలి. ఆ రెంటితో అది ఆకాశం ఎటు తిరిగి ఉందో లెక్కగట్టుకుంటుంది. ఆపైన గురుడంటే గురుడి దగ్గరికి, ఫలానా నీహారిక అంటే దాని దగ్గరికి గిర్రున తిరిగి ఆగుతుంది.

అది నా ఇంటికొచ్చిన మొదటి చలికాలం. ఫిబ్రవరి 5, రాత్రి 8 గంటలు, చంద్రుడు లేడు. రోహిణి దాదాపు నడినెత్తిన ఎర్రగా ఉంది. రేఖాంశం 80 డిగ్రీల 9 నిమిషాల తూర్పు, అక్షాంశం 17 డిగ్రీల 15 నిమిషాల ఉత్తరం, +5:30, డేలైట్ సేవింగ్ లేదు, తేదీ 05/02. మొదటి నక్షత్రం ఏదంటే కంట్రోలర్ స్వాతి పేరు చూపించింది. కొత్త మోజులో ఆలోచించకుండా సరే అన్నాను. మోటార్లు కీచుమంటూ తిరిగి, గొట్టం తూర్పున మూడోవంతుకు కాస్త పై ఎత్తులో ఆగింది. ఉత్త కంటికి అక్కడ ఒక్క చుక్కా లేదు. స్వాతి అంటే నారింజ రంగులో ధగధగలాడే నక్షత్రం, ఊరి దీపాల మధ్య కూడా దాగదు. పక్కనెక్కడో ఉందేమోనని ఐపీస్‌లో కన్ను పెట్టి బాణం బటన్లు అటూ ఇటూ నొక్కాను.

ఒక్క డిగ్రీ జరిగిందో లేదో, చూపంతా చుక్కలు. ఒకటీ రెండూ కాదు, నలభై యాభై. నీలంగా మెరిసేవి కొన్ని, వాటి మధ్య పసుపు మొగ్గల్లా మూడు నాలుగు. ముగ్గుపిండి డబ్బా జారి నల్ల గచ్చు మీద పడినట్టుంది. ఆ రాత్రి అదేమిటో తెలియక చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. పటం తీసి వెతికితే అది పుష్యమి నడుమ ఉండే తేనెతుట్టె గుంపు. దాదాపు 600 కాంతి సంవత్సరాల దూరంలో ఒకే మబ్బులోంచి కలిసి పుట్టిన వెయ్యి నక్షత్రాల కుటుంబం. చీకటి పల్లెలో మసక మచ్చలా కనిపించే దీనివైపు గెలీలియో తన చిన్న టెలిస్కోపు తిప్పి, నలభైకి పైగా నక్షత్రాలు లెక్కపెట్టి 1610లో అచ్చువేశాడు.

స్వాతి అడిగితే పుష్యమి ఎందుకొచ్చింది? ఆ యంత్రం తేదీలో నెల ముందు చదువుతుంది. నేను ఫిబ్రవరి 5 అని కొట్టాననుకున్నాను, అది మే 2 అని చదువుకుంది. రెంటికీ మధ్య 86 రోజులు. నక్షత్రాలు రోజుకు 3 నిమిషాల 56 సెకన్లు ముందుగా వస్తాయి, ఇందాక గుర్తుంచుకోమన్నది ఇదే. 86 రోజులకు అది 5 గంటల 39 నిమిషాలు. ఇక స్వాతీ పుష్యమీ రెండూ ఖగోళ భూమధ్యరేఖకు ఉత్తరంగా 19 డిగ్రీల చిల్లరలో ఒకే వరుసలో ఉన్నాయి, రెంటికీ ఎడం 5 గంటల 35 నిమిషాలు. తేడా నాలుగు నిమిషాలు, అంటే ఒక్క డిగ్రీ. మే 2 రాత్రి 8 గంటలకు స్వాతి ఎక్కడ ఉంటుందో, ఫిబ్రవరి 5 రాత్రి 8 గంటలకు దాదాపు అక్కడే పుష్యమి ఉంటుంది. అసలు స్వాతి ఆ రాత్రి దాదాపు 11 అయితే గానీ ఉదయించదు. కార్తెల లెక్క నేను చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటే సూర్యుడు రోహిణి దగ్గరికి చేరాడని అర్థమనీ తెలుసు. కానీ రోజుకు నాలుగు నిమిషాలు కూడితే ఏడాదికి ఆకాశం ఒక పూర్తి చుట్టు తిరుగుతుందన్నది నా కళ్లకు అర్థమైంది ఆ పొరపాటుతోనే.

మోటారు టెలిస్కోపు కొంటే ఆకాశం నేర్చుకోవడం పోతుందని కొందరు పెద్దలు అంటారు. వారి మాటలో నిజం లేకపోలేదు, కానీ అది ఊరి దీపాలు ఇంతగా పెరగని రోజుల మాట. చుక్క నుంచి చుక్కకు దారి వెతుక్కుంటూ వెళ్లాలంటే దారిలో చుక్కలు కనిపించాలి కదా! మా మేడ నుంచి కర్కాటక రాశిలో ఒక్క చుక్కా సరిగ్గా కనబడదు. మే నెల మధ్యలో రాత్రి 10 గంటలకు దక్షిణాన 25 డిగ్రీల ఎత్తులో ఒమేగా సెంటారీ ఉంటుంది. సుమారు 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో కోటి నక్షత్రాల ముద్ద అది. లండన్‌లో ఎన్నటికీ ఉదయించదు. మన భాగ్యం అది, అయినా పట్టణంలో ఉత్త కంటికి దొరకదు. మోటారు తీసుకెళ్తే ఐపీస్‌లో నువ్వులు పోగుపోసినట్టు కనిపిస్తుంది. పైగా యంత్రానికి నక్షత్రాలు తెలియవు. తన ఎదుట ఉన్నది స్వాతి అవునో కాదో దానికి మనమే చెప్పాలి. రోహిణి, ఆర్ద్ర, మఖ, చిత్త, స్వాతి, జ్యేష్ఠ, శ్రవణం, ఇలా ఓ పది చుక్కలు రంగుతో సహా గుర్తుపట్టగలిగితే చాలు, సంవత్సరమంతా నడిచిపోతుంది.

సంసారపు పనులు కొన్ని ఉన్నాయి. బ్యాటరీ నీరసిస్తే మోటారు సగం దారిలో ఆగి, ఎక్కడున్నదీ మరిచిపోతుంది. పెన్సిల్ బ్యాటరీలు నమ్ముకోకుండా, కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ పెట్టుకోండి. చూడబోయే ముందు గొట్టాన్ని అరగంట బయట పెట్టండి, అద్దం చల్లబడితేనే బొమ్మ నిలకడగా ఉంటుంది. పగలంతా కాలిన గచ్చు సెగలు కక్కుతుంది గనుక ఎండాకాలంలో నాలుగు బకెట్ల నీళ్లు చల్లితే మేలు. వానాకాలమంతా అద్దం పక్కన సిలికా జెల్ సంచులు ఉండాలి, లేకపోతే బూజు పడుతుంది. పగటిపూట మోటారును ఆకాశం మీద తిప్పకండి. దారిలో సూర్యుడు తగిలితే, ఆ క్షణాన ఐపీస్ దగ్గర కన్ను ఉంటే, చూపు శాశ్వతంగా పోతుంది.

ఆ మరుసటి నవంబరులో అమ్మను మళ్లీ మేడ ఎక్కించాను. ఈసారి కుర్చీ వేశాను. ఆమె చెంగు దోపుకొంది, కళ్లజోడు తీసింది, తడుముకొని కన్ను ఆనించింది. నేను పక్కన నిలబడి కంట్రోలర్ ముట్టుకోలేదు. చాలాసేపటిదాకా మాట లేదు. "చుట్టూ గాజు వేసినట్టుంది గదరా" అంది. ఇంకాసేపటికి, "పక్కన సన్న చుక్కొకటి ఉంది, అదేంది?" అంది. అది టైటన్, శని చుట్టూ తిరిగే చందమామల్లో పెద్దది. ఆమె తనంతట తానే పట్టుకుంది. పావుగంట దాటినా శని నడుమ నుంచి కదల్లేదు.

ఫిబ్రవరి మొదటివారంలో మా వీధి పిల్లలు మేడ మీదికి వస్తారు. తేదీ కావాలనే తప్పు కొట్టి, స్వాతి అడుగుతాం. గొట్టం తూర్పుకు తిరిగి ఆగాక వంతులవారీగా బాణం బటన్లు నొక్కి పుష్యమిని వెతుకుతారు. లీపు సంవత్సరం వచ్చినప్పుడు మాత్రం ఒక రోజు ఎక్కువై ఇంకో డిగ్రీ తప్పుతుంది. మొన్నటి లీపు సంవత్సరంలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, ఎందుకు ఇంత దూరం జరపాల్సి వచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టి, ఎవరూ చెప్పకముందే చెప్పింది.